నలుపంటే ఎవరికి కోపం?

2024 మే 13న కడప జిల్లా ఓటు వేసింది. అంతకు ఐదు రోజుల ముందు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ప్రచారం జోరుగా సాగుతుండగా శామ్ పిట్రోడా మాటలు రచ్చకెక్కాయి. అప్పటి ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్షుడైన ఆయన, దేశంలోని వైవిధ్యాన్ని వివరించబోయి, తూర్పువాళ్ళు చైనీయుల్లా, పడమటివాళ్ళు అరబ్బుల్లా, ఉత్తరాదివాళ్ళు బహుశా తెల్లవాళ్ళలా, దక్షిణాదివాళ్ళు ఆఫ్రికన్లలా ఉంటారనీ, అయినా అందరం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళమేననీ అన్నాడు. మే 8న వరంగల్ సభలో ప్రధాని మోదీ, చర్మం రంగును బట్టి దేశప్రజలను అవమానించారని ఆగ్రహించాడు. శ్రీకృష్ణుడి రంగును గుర్తుచేశాడు. ఆ పోలికలు తమకు సమ్మతం కావని కాంగ్రెస్ ప్రకటించింది. పిట్రోడా ఆ రోజే రాజీనామా చేశాడు. జూన్‌లో అదే పదవికి తిరిగి వచ్చాడు.

పిట్రోడా చేసింది తప్పే. ముఖాలు చూసి మనుషుల్ని గుంపులుగా విడదీయడం వలసపాలకుల విద్య. 1901 జనగణన కమిషనర్ రిస్లీ ముక్కులు కొలిచి జాతులను నిర్ణయించబోయాడు. అయితే ఈ ఆగ్రహాన్ని కూడా పరీక్షించాలి. ఆఫ్రికన్లలా ఉన్నారంటే అది తిట్టెందుకయింది? ఆఫ్రికావాడు మనకంటే తక్కువవాడని లోపల ఒప్పుకున్నవాడికే అది తిట్టు.

2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికన్ విద్యార్థులపై దాడులు జరిగాయి. మాది జాతివివక్ష కాదని చెప్పబోయిన బీజేపీ మాజీ ఎంపీ తరుణ్ విజయ్, అదే నిజమైతే తమిళులతో, మలయాళీలతో, కన్నడిగులతో, ఆంధ్రులతో ఎలా కలిసి ఉంటున్నామని అడిగాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. రెండు పార్టీలదీ ఒకే తాసు: నల్లవాణ్ణి సహించడమే ఔదార్యం!

నాయకుల్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. మా వైపు పెళ్ళిచూపులప్పుడు "పిల్ల ఎర్రగా ఉందా?" అనే ప్రశ్న నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. పిల్ల నలుపయితే "నలుపు నారాయణుడు మెచ్చు" అని ఓదారుస్తారు. ఓదార్పు అవసరమయిందంటే నలుపును లోపంగా ఎంచినట్లే గదా! జమ్మలమడుగు నల్లరేగడిని కళ్ళకద్దుకునే రైతే, ఆ నేలలో ఎండకు మాడి నల్లబడ్డ కూలిమనిషిని దూరంగా నిలబెడతాడు. మన దగ్గర రంగు ఒంటరిగా రాదు. కులాన్నీ, కాయకష్టంపై చిన్నచూపునూ వెంటబెట్టుకొస్తుంది.

కాబట్టి "మేము ఆఫ్రికన్లలా లేము" అనడం ఆత్మగౌరవం కాదు. "ఉంటే ఏం?" అని అడగగలగడమే ఆత్మగౌరవం. ఆ ప్రశ్న ముందుగా మన ఇళ్ళలో అడగాలి.