భయానక చలనచిత్రములు - వాని రచనా విధానము

ఈ సంవత్సరము మన పత్రికకై విద్యార్థులు పంపిన కథలలో దయ్యపు కథలే హెచ్చుగా నున్నవి. వానిని చదివి దిద్దు పని నాకు వచ్చినది. ఒక కథయందు పిశాచమునకు పండ్రెండు కోరలు. మరియొక దానియందు ఇరువది నాలుగు. నెత్తురు ఏ కథయందును కడివెడునకు తక్కువ లేదు. ఇంత చేసినను చదువువానికి భయము కలుగదు. పిల్లలు చూచుచున్న బొమ్మలలో పెక్కు ఇట్టివే గనుక వారిని నిందించి ప్రయోజనము లేదు. అయినను ఈ జాతి చిత్రములలో మేలైనవియు కొన్ని కలవు. అవి ఎట్లు వ్రాయబడినవో తెలిసికొనిన యెడల కథలు వ్రాయువారికి లాభము. తమ బిడ్డలు ఇట్టి చిత్రములు చూడవచ్చునా కూడదా యని అడుగు తలిదండ్రులకును కొంత సమాధానము దొరకును.

మన ఆలంకారికులు ఈ విషయమున నొక మంచి భేదమును చూపిరి. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానకము వేరు, బీభత్సము వేరు. మొదటి దానికి స్థాయిభావము భయము. రెండవ దానికి జుగుప్స, అనగా ఏవగింపు. కుళ్లిన కళేబరమును చూచినప్పుడు మనము ముక్కు మూసికొని మొగము త్రిప్పుకొందుము. చీకటి యింటిలో తలుపు కిఱ్ఱుమన్నప్పుడు అట్లు చేయము. ఊపిరి బిగబట్టి ఆ వైపే చూతుము. ఏవగింపు మనలను దూరముగా త్రోయును, భయము దగ్గరకు లాగును. భయానకమును పుట్టించు వానిలో శూన్యగృహములను, అరణ్యములను, నక్కల యొక్కయు గుడ్లగూబల యొక్కయు కూతలను భరతుడు చెప్పెను. కూత వినబడునదే గాని కనబడునది కాదు. శూన్యగృహమున కనబడుట కేమియు లేదు. ఈ రసమునకు ఆయన చెప్పిన వర్ణము నలుపు.

ఈ సంగతిని తెర మీద చక్కగా నిరూపించిన వాడు వాల్ ల్యూటన్. ఇతడు 1904లో యాల్టాలో పుట్టి, బాల్యముననే అమెరికా చేరెను. 1942లో ఆర్.కె.ఓ. అను చిత్రసంస్థ, తనకు కలిగిన నష్టములను పూడ్చుకొనుటకై, స్వల్పవ్యయముతో భయానక చిత్రములు తీయు పనిని ఇతని కప్పగించెను. వారు పెట్టిన నిబంధనలు చిత్రమైనవి. ఒక్కొక్క చిత్రమునకు లక్షా యేబది వేల డాలర్లకు మించి వెచ్చింపరాదు. నిడివి డెబ్బదియైదు నిమిషములు దాటరాదు. పేరు మాత్రము సంస్థవారే పెట్టుదురు. వారు మొదట నిచ్చిన పేరు 'క్యాట్ పీపుల్', అనగా పిల్లిమనుష్యులు. అప్పటికి కథ లేదు! వ్యాసరచన పరీక్షలో శీర్షిక నిచ్చి కూర్చుండబెట్టినట్లే యైనది.

డెవిట్ బోడీన్ కథ వ్రాసెను. జాక్ టూర్నర్ దర్శకత్వము వహించెను. సెర్బియా దేశమునుండి వచ్చిన ఐరీనా అను యువతి న్యూయార్కులో బొమ్మలు గీసి జీవించుచుండును. అనురాగముగాని అసూయగాని మితిమీరినచో తాను చిఱుతపులి నగుదునని ఆమె భయము. ఆమెను వివాహమాడినవాడు ఈ భయమును తెలివితక్కువ నమ్మకముగా నెంచును. కొంతకాలమునకు అతడు తన కార్యాలయమున పనిచేయు ఆలిస్ అను నామెతో తన కష్టము చెప్పుకొన నారంభించును. ఐరీనా దానిని గ్రహించును.

ఒక రాత్రి ఆలిస్ ఉద్యానవనము ప్రక్కనున్న బాట వెంట ఒంటరిగా ఇంటికి పోవుచుండును. ఐరీనా వెనుక వచ్చుచుండును. దీపస్తంభముల క్రింద వెలుతురు; నడుమ నడుమ చీకటి. సంగీతము లేదు. ఇద్దరి పాదరక్షల చప్పుడు మాత్రము, ఒకటి ముందు, ఒకటి వెనుక, వినబడుచుండును. ఉన్నట్లుండి వెనుకటి చప్పుడు ఆగిపోవును. ఆలిస్ తిరిగి చూచును. ఎవరును లేరు. ఆమె నడక వేగమై పరుగగును. అంతలో బుస్సుమని పెద్ద ధ్వని! ప్రేక్షకులు కుర్చీలలో ఎగిరిపడుదురు. చూడగా అది మృగము కాదు, ఎదుట వచ్చి నిలిచిన బస్సు. తరువాతి చిత్రములలో ఇట్టి యుపాయమును వాడినప్పుడెల్ల ల్యూటన్ బృందమువారు దానిని 'బస్సు' అనియే పిలుచుకొనిరి.

విద్యార్థులారా, ఇచ్చట జరిగినదేమో నిదానముగా యోచింపుడు. రచయిత మొదట రెండు చప్పుళ్లను వినుట మనకు అలవాటు చేసెను. పిదప ఒకదానిని తీసివేసెను. అంతే. మనుష్యుని యడుగు ఏల ఆగినది? ఆమె నిలిచెనా, లేక మెత్తని పాదములు గలదానిగా మారెనా? ఈ ప్రశ్న నతడు వ్రాయలేదు, మనమే వేసికొంటిమి. మనము వేసికొన్న ప్రశ్నకు మనము ఊహించుకొన్న జవాబు కంటె భయంకరమైన దానిని ఏ చిత్రకారుడును గీయజాలడు. మన వసతిగృహమున చింతచెట్టును గూర్చి క్రొత్త పిల్లలకు చెప్పు కథ నెఱుగుదురు గదా. ఆ చెట్టు నాశ్రయించిన దాని రూపము ఎట్టిదో ఇంతవరకు ఎవరును చెప్పలేదు. నూతి దగ్గర గజ్జెల చప్పుడు ఆగిపోవునని మాత్రమే చెప్పుదురు. ఆ కథను మొదట కల్పించిన బాలుడు, ఎవడో గాని, ఈ విద్య నెఱిగినవాడే.

పులిని చూపితీరవలెనని సంస్థవారు పట్టుబట్టగా, కార్యాలయమున జరుగు ఘట్టమున దానిని చూపిరి. అదియు నీడల మధ్యనే. చిత్రము చక్కని లాభమును తెచ్చెను.

ధనము లేక ఇట్లు చేసిరి గాని, ఉన్నచో చూపియుందురని కొందరనవచ్చును. ధనము దండిగా నున్న చోటను ఇదే జరిగినది. 1974లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'జాస్' అను చిత్రమును తీయునప్పుడు, సొరచేపగా చేయించిన యంత్రము ఉప్పునీట మాటిమాటికి చెడిపోయెను. విధిలేక చాలచోట్ల చేపకు బదులు నీటి మట్టమును, దాని మీద కదలు పసుపుపచ్చని పీపాలను చూపిరి. యంత్రము చక్కగా పనిచేసియుండిన ఆ చిత్రము ఇంత గొప్పది కాకపోయెడిదని నా యభిప్రాయము.

దాచుట యొక్కటే చాలదు. భూతమునకు ఒక కట్టుబాటు ఉండవలెను. ఏది పడినను చేయగల పిశాచము భయము కలిగింపదు, విసుగు కలిగించును. 1941లో వెలువడిన 'ది వుల్ఫ్ మాన్' అను తోడేలుమనిషి చిత్రమునకు కథ వ్రాసిన కర్ట్ సియోడ్‌మాక్ ఈ పనిలో నేర్పరి. అందలి నాయకుడు మొదట నొక దుకాణమున వెండిపిడి గల చేతికఱ్ఱను కొనును. దానితోనే ఒక యువతిని రక్షింపబోయి తోడేలును చంపును; కాని దాని కాటు తిని తానే తోడేలగును. తుదకు ఆ కఱ్ఱతోనే, చీకటిలో ఆనవాలు పట్టలేని కన్నతండ్రి చేతిలో, హతుడగును. వెండికి ఆ శక్తి కలదని ముందే చెప్పి, ఆ వెండిని మన కన్నుల యెదుట నుంచి, పిదప ఏ చేతికిచ్చెనో చూడుడు. రానున్న బలియొక్క అరచేతిలో నక్షత్రము కనబడునని కూడ రచయిత కల్పించెను. ఈయన యూదుడు, 1933లో హిట్లరు అధికారమునకు రాగా జర్మనీని విడిచి పోయినవాడు. ఈ సంగతి తెలిసి చూచువానికి, మంచి పొరుగువాడు ఒక రాత్రిలో మృగమగు ఈ కథ కేవలము కాలక్షేపముగా తోచదు.

ఇక కరుణ. మేరీ షెల్లీ తన పదునెనిమిదవ యేట, 1816లో, జెనీవా సరస్సు నొద్ద 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలను ఆరంభించెను. అది 1818లో అచ్చయినది. 1931లో జేమ్స్ వేల్ దానిని చిత్రముగా తీసెను. నవలలో ఆ వికృతజీవి చక్కగా మాటలాడును. చిత్రమున వానికి మాటలు లేవు. ఆ వేషము వేసిన బోరిస్ కార్లోఫ్ కన్నులతోను చేతులతోను ఆ కొఱతను తీర్చెను.

అందొక ఘట్టమున సరస్సు ఒడ్డున మరియా అను చిన్నబాలిక వానిని చూచి వెఱవక, పూలిచ్చి ఆడుకొనుటకు పిలుచును. ఇద్దరును పూలను నీట వేయుదురు. అవి తేలుచుండ వాడు నవ్వును. పూలు అయిపోవును. ఈ పిల్లయు పూవువలెనే తేలునని తలచి వాడు ఆమెను నీట వేయును. ఆమె మునిగిపోగా ఏమి జరిగెనో తెలియక తల్లడిల్లి పారిపోవును. ఇది ఘోరముగా నున్నదని పరిశీలకులు ఆ కడపటి భాగమును కత్తిరించిరి. మిగిలిన ప్రతిలో వాని చేతులు బిడ్డవైపు చాపబడును. అంతతో దృశ్యము ముగియును. పిమ్మట తండ్రి బిడ్డ శవమును మోసికొని వచ్చును. నడుమ నేమి జరిగెనో ప్రేక్షకులు ఊహించుకొనవలసి వచ్చెను. వారూహించినది జరిగిన దానికంటె మిక్కిలి నీచమైనది. తెలియక చేసిన వాడు తెలిసి చేసిన క్రూరుడయ్యెను. 1980వ దశకమునగాని ఆ తునక తిరిగి చిత్రమున చేర్పబడలేదు.

మీదట చెప్పిన సూత్రమునకు ఇది విరుద్ధముగా తోచవచ్చును. అక్కడ దాచుట మేలు చేసెను. ఇక్కడ దాచుట అన్యాయము చేసెను. ల్యూటన్ దాచినది మృగముయొక్క రూపమును; కత్తిరించినవారు దాచినది దాని మనస్సును. రూపమును ఎంత దాచినను నష్టము లేదు. మనస్సును దాచినచో మిగులునది వట్టి కోరలే.

తలిదండ్రుల ప్రశ్నకు నా జవాబు ఇది. చిన్న తరగతుల పిల్లలకు రెండు విధములైన చిత్రములును వలదు. వారికి రాత్రి నిద్ర ముఖ్యము. పై తరగతులవారిని, పెద్దలు ప్రక్కన కూర్చుండి, నేను పేర్కొనిన పాత చిత్రములను చూడనీయవచ్చును. శరీరములను తెగనరకి చూపుటయే పనిగా గల చిత్రములు ఎవ్వరికిని వలదు. వానిలో నేర్చుకొనదగినది నాకు కనబడలేదు.

తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు వచ్చే సంచికకు దయ్యపు కథలు తప్పక పంపవచ్చును. రెండు నియమములు మాత్రము. మొదటి రెండు పుటలలో దయ్యము కనబడరాదు. కథ వ్రాయుటకు ముందు, వేరొక కాగితము మీద, ఆ దయ్యము తన సంగతిని తానే చెప్పుకొనుచున్నట్లు పది పంక్తులు వ్రాసి, దానిని కథకు జతపరుపవలెను. ఆ కాగితము అచ్చుకాదు. నేను చదివి తిరిగి యిచ్చెదను.