కెర్నెల్ మారిన వేళ మూగవోయే వైర్‌లెస్

జూబిలీహిల్స్, ఫిలింనగర్ అనగానే తారల నివాసాలు, స్టూడియోల ద్వారాలు మన కన్నుల యెదుట మెదలును. కాని నేటి చలనచిత్రం కెమెరా ముందు ఎంత తయారగుచున్నదో, కంప్యూటర్ల ముందును అంత తయారగుచున్నది. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రంలో కథానాయక స్థానం వహించిన ఈగ కంప్యూటర్ సృష్టియే కదా! ఇట్టి గ్రాఫిక్స్ పనికి ప్రపంచమంతట విరివిగా వాడబడుచున్న వ్యవస్థ లినక్స్. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 1991లో ప్రారంభించినాడు. 1997 నాటి ‘టైటానిక్’ చిత్రపు దృశ్యాల నిర్మాణానికే ఇది ఉపయోగపడినది. ఉచితంగా లభించును గనుక, ఈ విద్య నేర్వగోరు పేద విద్యార్థి పాత ల్యాప్‌టాప్‌లో సైతం ఇది చోటు సంపాదించినది.

అట్టి విద్యార్థికి ఒక్కొక్కప్పుడు ఒక చిక్కు ఎదురగును. వ్యవస్థను నవీకరించి తిరిగి ప్రారంభించగానే వైర్‌లెస్ మాయమగును. పరికరం చెడినదని భ్రమించి, కొత్తదానికై లేని డబ్బు వెచ్చించువారు కలరు. ఆ ఖర్చు చాలమట్టుకు అనవసరమని తెలుపుటయే మా ఉద్దేశం.

కెర్నెల్ అనగా వ్యవస్థకు హృదయం. డ్రైవర్ అనగా దుబాసీ. ఉర్దూ, తెలుగు రెండును వినవచ్చు మన కళాశాలలో దుబాసీ విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఈ దుబాసీ కెర్నెల్ మాటను వైర్‌లెస్ చిప్‌కు, చిప్ మాటను కెర్నెల్‌కు చేరవేయును. వీరిలో రెండు తెగలవారు కలరు. కొందరు కెర్నెల్ కొలువులోనే ఉందురు. కెర్నెల్ తన పలుకుబడి మార్చుకొన్నప్పుడు, ఆ మార్పు చేసినవారే ఈ డ్రైవర్లను కూడ సవరింతురు. రెండవ తెగవారు కొలువు వెలుపల ఉందురు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు వాడు ‘డబ్ల్యూఎల్’ డ్రైవర్ ఇట్టిదే. 2020 మార్చిలో వెలువడిన 5.6 కెర్నెల్ నుండి ‘ఐవోరీమ్యాప్ నోక్యాష్’ అను పిలుపు తొలగింపబడినది. ఆ పాత పిలుపునే వాడుచున్న ఈ డ్రైవర్, సవరణ జరిగినంతవరకు కొత్త కెర్నెల్‌కు పనికిరాలేదు.

మరి ఎడిటింగ్ ప్రోగ్రాములు ఏల చెడలేదు? ప్రోగ్రాములతో చేసుకొన్న ఒడంబడికను కెర్నెల్ తప్పదు. తన అంతర్గత భాషను మాత్రం ఎప్పుడైనను మార్చుకొనును. ఈ విధానం కెర్నెల్‌తో లభించు పత్రాలలోనే వివరింపబడి ఉన్నది.

ఇక పరీక్షాక్రమం. ఇందు పేర్కొను ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయవలెను.

మొదట కంప్యూటర్ ప్రారంభంలో వచ్చు గ్రబ్ పట్టికలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరచి, వెనుకటి కెర్నెల్‌ను ఎన్నుకొనవలెను. సాధారణంగా అది తొలగిపోక అచ్చటనే ఉండును. దానితో వైర్‌లెస్ పనిచేసినచో పరికరం క్షేమమని గ్రహింపవచ్చును.

తరువాత కొత్త కెర్నెల్‌లో ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అని అడిగినచో, రేడియో మీటవలన ఆగినదో కాదో తెలియును. ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆజ్ఞకు ‘-కె’ చేర్చినచో, లోపల అమర్చిన చిప్ పేరు, దానికి డ్రైవర్ అంటుకొన్నదో లేదో తేలును. ‘డీఎంఈఎస్‌జీ’ ఆజ్ఞ చూపు సందేశాలలో ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉన్నచో, లోపం డ్రైవర్‌ది కాదు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ చేర్చిన చాలును.

వెలుపలి డ్రైవర్ అయినచో ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడవలెను. ప్రతి కొత్త కెర్నెల్‌కు డ్రైవర్‌ను మరల నిర్మించు సాధనమే డీకేఎంఎస్. ఆ కెర్నెల్‌కు సరిపడు ‘హెడర్స్’ ప్యాకేజీ లేనిచో నిర్మాణం సాగదు. దానిని చేర్చి, ‘సూడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’ అని ఆజ్ఞాపింపవలెను. నిర్మాణం ముగిసినను డ్రైవర్ నిరాకరింపబడినచో సెక్యూర్ బూట్ కారణం కావచ్చును. సంతకం లేని దుబాసీని అది లోనికి రానీయదు. అప్పుడు సంతకపు తాళపుచెవిని నమోదు చేయవలెను.

వైర్‌లెస్ లేనిదే ప్యాకేజీలు ఎట్లు తెచ్చుకొందుమని సందేహింపనక్కరలేదు. మొబైల్ ఫోనును కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెదరింగ్’ తెరచినచో, వైర్‌లెస్ డ్రైవర్ ప్రమేయం లేకయే ఇంటర్నెట్ అందును.

ఇన్ని చేసినను నిర్మాణం విఫలమైనచో, సవరించిన డ్రైవర్ వచ్చువరకు పాత కెర్నెల్‌తో పని సాగింపవచ్చును. కాని అచ్చటనే నిలిచిపోరాదు. భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లు కొత్త కెర్నెల్‌లతోనే వచ్చును. ల్యాప్‌టాప్ కొనబోవు విద్యార్థులు, దాని వైర్‌లెస్ చిప్‌కు కెర్నెల్ కొలువులోనే డ్రైవర్ కలదా అని ముందుగా విచారించుకొనుట మేలు. చెప్పవచ్చిన పని రేపటికి ఉన్నచో, నేడు నవీకరణకు పూనుకొనకుండుట అంతకంటె మేలు.