నెట్ వస్తోంది... అప్‌డేట్ రాదేం?

సెలవులకని హాస్టల్ నుంచి వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంట్లో వైఫై బ్రహ్మాండంగా ఉంది. చెల్లెలి ఫోన్లో పాటలు మోగుతున్నాయి, నాన్న ఫోన్లో వార్తలొస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే ‘లైన్ బాగానే ఉంది సార్’ అంటారు. తీరా చూస్తే, కాలేజీలో పెట్టిన ప్రాక్సీ అడ్రసు ఇంకా అందులోనే ఉంది!

ప్రాక్సీ సర్వర్ అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటిది. చాలా ఆఫీసులు, కాలేజీల్లో కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లవు. ఏం కావాలన్నా దానికి చెబితే, అదే బయటికెళ్లి తెచ్చిస్తుంది. ఇంటికొచ్చాక ఆ వాచ్‌మన్ ఉండడు. విండోస్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’కి వెళ్లి, ‘ప్రాక్సీ’ దగ్గర ‘యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్’ని ఆపేస్తే సరి.

అసలు తలనొప్పి ఆఫీసుల్లోనే. అక్కడ బ్రౌజర్‌లో అన్నీ వస్తుంటాయి. విండోస్ అప్‌డేట్ మాత్రం మొదలే కాదు, లేదంటే సగంలో ఆగిపోతుంది.

ఇక్కడే ఉంది మెలిక. బ్రౌజర్ తెరిచేది మనం. ప్రాక్సీ అడిగితే మన పేరు, పాస్‌వర్డ్ చెబుతాం. అప్‌డేట్ తెచ్చేది తెర వెనక నడిచే సర్వీసు. అది ప్రాక్సీ అడ్రసు కోసం చాలాసార్లు ‘విన్‌హెచ్‌టీటీపీ’ అనే వేరే సెట్టింగ్‌లో వెతుకుతుంది. బ్రౌజర్‌లో ఎంత చక్కగా పెట్టినా దానికి తెలియకపోవచ్చు. తెలిసినా, పాస్‌వర్డ్ అడిగితే చెప్పడానికి అక్కడ మనిషి ఉండడు. 407 అనే కోడ్ కనిపిస్తే అర్థం అదే... ‘నువ్వెవరు?’ అని ప్రాక్సీ అడిగింది, బదులు రాలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ’ అనే ఆదేశమిస్తే (ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి సుమా!) ఆ సెట్టింగ్‌లో ఏముందో బయటపడుతుంది. ‘డైరెక్ట్ యాక్సెస్’ అని వస్తే అక్కడ ఏ ప్రాక్సీ పెట్టలేదన్నమాట.

ఇంకో చిక్కు. కొన్ని ప్రాక్సీలు వచ్చిన ప్రతి పార్సిల్‌నీ విప్పి చూసి, తమ సీలు వేసి లోపలికి పంపుతాయి. సీలు మారిన పార్సిల్‌ని విండోస్ అప్‌డేట్ తీసుకోదు. పెద్ద ఫైళ్లను అది ముక్కలుగా అడుగుతుంది, అలా ఇవ్వనివ్వని ప్రాక్సీల దగ్గరా డౌన్‌లోడ్ నిలిచిపోతుంది.

‘రాకపోతే పోనీలే’ అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ 2017 సంగతి గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. సరిగ్గా అదే లోపం గుండా మే 12న ‘వనాక్రై’ విరుచుకుపడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన అది చొరబడలేకపోయింది.

అందులోనూ ప్రాక్సీ కథ ఉంది. వనాక్రై ముందుగా ఓ వింత వెబ్ అడ్రసును పలకరించేది, జవాబొస్తే దాడి మానేసేది. మార్కస్ హచిన్స్ అనే యువ పరిశోధకుడు ఆ అడ్రసును రిజిస్టర్ చేయడంతో దాని జోరు చాలావరకు తగ్గింది. అయితే ప్రాక్సీ ద్వారా బయటికెళ్లడం దానికి తెలీదు. దాంతో, ప్రాక్సీ తప్ప మరో దారి లేని ఆఫీసుల్లో దానికి జవాబే అందలేదు, అది ఆగలేదు.

ప్రాక్సీని తప్పించుకునే దొడ్డిదారులు వెతకడం మాత్రం పనికిరాదు, ఉద్యోగానికే ఎసరు. ఐటీ విభాగాన్ని అడగాల్సింది ఒకటే... మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ అడ్రసులకు పాస్‌వర్డ్ అడగకుండా, పార్సిల్ విప్పకుండా మినహాయింపు ఇమ్మని. అడిగే ముందు విండోస్‌లో ‘అప్‌డేట్ హిస్టరీ’ చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ భద్రతా ప్యాచ్‌లిచ్చేది నెలనెలా రెండో మంగళవారం. చివరి ప్యాచ్ తేదీ రెండు నెలల కిందటిదైతే సోమవారం ఆఫీసులో మొదటి ఫోన్ ఐటీవాళ్లకే.