బోర్డు కనిపించట్లేదని పిల్లలు చెప్పరు.. మనమే పసిగట్టాలి!

చదువులో వెనకబడితే చాలు, మొద్దు అని ముద్ర వేసేస్తారు. కానీ ఆ పిల్లాడికి బోర్డే సరిగా కనిపించట్లేదేమో! చూపు మెల్లగా మందగిస్తుంది కాబట్టి, అందరికీ ఇంతే కనిపిస్తుందని పిల్లలు అనుకుంటారు. నోరు తెరిచి చెప్పరు. అందుకే బడిలోనే పరీక్ష చేయాలి. 6 మీటర్ల దూరంలో అక్షరాల చార్టు పెట్టి, ఒక్కో కన్ను మూసి చదివిస్తే నిమిషాల్లో తేలిపోతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సర్కారు బడి పిల్లలను ఏడాదికోసారి వైద్య బృందాలు పరీక్షించాలి. చూపు సమస్య ఉన్న పేద పిల్లలకు జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఉచితంగా కళ్లద్దాలు ఇస్తారు.

మన్నెగూడ లాంటి శివారు ఊళ్లలోని తల్లిదండ్రులూ, ఇవి గమనించండి: టీవీకి దగ్గరగా కూర్చోవడం, కళ్లు చికిలించి చూడటం, తరచూ తలనొప్పి. ఎదిగే వయసులో పవర్ మారుతుంటుంది. అద్దాలు వచ్చినా ఏటా చెక్ చేయించాల్సిందే.