మంచు దేశంలోనూ షిఫ్టు పనే

హైదరాబాదులో ఇస్రో తరఫున పనిచేసిన మంగళా మణి గారు 2016 నవంబరులో అంటార్కిటికాకు పోయి, 403 రోజులు ఉండి వచ్చినారు. అప్పటికి ఆమెకు 56 ఏళ్లు. అంతకు ముందు మంచు కురవడం చూసిందే లేదట. 23 మంది జట్టులో ఆడమనిషి ఆమె ఒక్కతే. మన కాలనీలో ఆ వయసు ఆడవాళ్లను, మనవళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండు అంటాం.

అక్కడ మన దేశానిది భారతి అనే స్టేషను ఉంది. 2012లో మొదలైంది. మన చందాపుర మీదుగా హోసూరు రోడ్డులో లారీల మీద పోతాయే, అట్లాంటి ఓడ కంటెయినర్లు 134 కలిపి కట్టినారు. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అక్కడ పట్టుకుని హైదరాబాదుకు పంపడం ఆమె పని. ఉపగ్రహానికి ఆదివారం, పండగ లేవు కదా.

నేను స్పిన్నింగులో పనిచేసినవాణ్ని. గాలి పొడిబారితే నూలు తెగుతుందని మిల్లులో గాలికి తేమ పట్టిస్తారు. అంటార్కిటికాలో చుట్టూ మంచే అయినా గాలిలో తేమ ఉండదు. ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మనం వడికే నూలు బట్ట అక్కడ ఒంటికి ఆనించి వేసుకోకూడదు. చెమట పీల్చి తడిగానే ఉంటుంది, చలి పట్టేస్తుంది. ఉన్నిదో సింథటిక్‌దో వేసుకోవాల. చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడే కనబడడు.

అక్కడికి సైంటిస్టులే పోతారనుకుంటాం. జనరేటరు ఆగితే సైంటిస్టు ఏం చేస్తాడు? అందుకే గోవాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వాళ్లు వెల్డర్లను, జనరేటరు మెకానిక్కులను, ఎలక్ట్రీషియన్లను, బాయిలరు ఆపరేటర్లను, వడ్రంగులను, వంటవాళ్లను కూడా తీసుకుంటారు. పని అనుభవం అడుగుతారు. గట్టిగా ఒళ్లు పరీక్ష చేయిస్తారు. మంచులో మెలగడానికి హిమాలయాల్లో ఔలి దగ్గర శిక్షణ ఇస్తారు.

తీపి మాటలు మాత్రమే చెప్పను. అది కాంట్రాక్టు పని, పర్మనెంటు కాదు. చలికాలం మొదలైతే ఓడ రాదు, ఇంట్లో ఏం జరిగినా తిరిగి రావడానికి దారి లేదు. మా నాన్న పోయిన రాత్రి నేను షిఫ్టులో ఉన్నాను. తెల్లారినాక తెలిసింది. ఆ ఒక్క రాత్రే నన్ను ఇప్పటికీ వదల్లేదు. అక్కడ ఏడాది పొడుగునా అట్లాంటి రాత్రులే.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, మనవాళ్లు పిల్లలను ఐటీఐలో చేర్చి, బంధువుల దగ్గర ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. ఫిట్టరు లేని మిల్లు ఒక్క పూటైనా నడవదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? భూమి చివరన కూడా అంతే. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి. పోవడం, పోకపోవడం వాళ్ల ఇష్టం. చేతిలో ఉన్న పనిని మాత్రం తక్కువ చేసుకోవద్దని చెప్పండి.