కొంగ జపం కాదు, లెక్క

పక్షి ఫొటో బాగుందనగానే వినబడే మాటలు రెండు: "లెన్సు ఎంతయిందండీ?", "మీకెంత ఓపికండీ!" మొదటిదానికి బదులు చెప్పడం తేలికే, రెండోదే చిరాకు. ఓపికంటే కదలకుండా కూర్చుని అదృష్టం కోసం ఎదురుచూడడమని చాలామంది అనుకుంటారు. కొంగ జపాన్ని వెక్కిరించేదీ ఇలాగే. మడుగులో కదలకుండా పొంచి ఉన్న కొంగ ఆ సేపంతా చేప ఎటు మళ్లుతుందో చూస్తూనే ఉంటుంది. ఫొటోగ్రాఫర్ ఓపికా ఆ బాపతే.

పాలపిట్టనే తీసుకోండి. తీగ మీద కూర్చున్నప్పుడు చాలావరకు మట్టిరంగే. అసలు నీలాలు రెక్క విప్పితేనే బయటపడతాయి. నేలకు దూకి మిడతను కరుచుకుని, తరచు మళ్లీ ఆ తీగకే వస్తుంది. కాబట్టి పిట్ట వెంట పరుగులు మాని తీగకు గురిపెట్టుకోవాలి. ఎటు నిలబడాలో గాలి చెబుతుంది. పక్షిని పైకి లేపే బలం రెక్కల మీదుగా పారే గాలి వేగాన్ని బట్టి ఉంటుంది. ఎదురుగాలి ఉంటే ఆ వేగంలో కొంత ఊరికే దొరుకుతుంది. అందుకే పక్షులు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలి మన వీపుకు తగులుతుంటే పిట్ట మొహం మనవైపే. శీతాకాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచీ తూర్పు నుంచీ వీస్తుంది, పొద్దుటి ఎండా అటునుంచే. రెండూ వీపున పెట్టుకుంటే వెలుగు పడ్డ రెక్కలు ఎదురొస్తాయి. అదే గాలిలో సాయంత్రపు ఎండకు వీపు పెడితే దక్కేది తోక. ఎగరబోయే పిట్ట ఒళ్లు ముందుకు వాల్చి కాళ్లు మడుస్తుంది, చాలాసార్లు రెట్ట కూడా వేస్తుంది. కనిపెట్టేవాడికి ఆ సూచన చాలు. షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గరుంచితే రెక్క అలుక్కుపోదు.

కొత్త కెమెరాలు పిట్ట కన్నును తామే పట్టి సెకనుకు 20 ఫ్రేములు తీస్తుంటే ఈ లెక్కలెందుకని అడుగుతారు. కష్టం తగ్గిన మాట నిజమే. తప్పు వైపు నిలబడ్డవాడికి మాత్రం ఆ ఇరవైలోనూ తోకే. కొందరు ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పిస్తారు. తన జాగాలోకి మరో పిట్ట చొరబడిందనుకుని, మేత మాని, గూడు వదిలి అది పోట్లాటకొస్తుంది. అది మోసం. అనుకున్న చోట, అనుకున్న క్షణాన రెక్క విచ్చుకోవడంలోనే ఈ పనిలోని సంతోషమంతా ఉంది. ఫొటో చెడినా అది పోదు.

దసరానాడు పాలపిట్ట దర్శనం శుభమంటూ పంజరంలో పెట్టి డబ్బుకు చూపించేవాళ్లూ ఉన్నారు. తెలంగాణ రాష్ట్ర పక్షికి దక్కే గౌరవం ఇదా? దాన్ని పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పంజరం కనబడితే అటవీ శాఖకు చెప్పండి. పిట్టను చూడాలంటే పొద్దున్నే ఊరి చివర చేల వైపు వెళ్లండి, కరెంటు తీగల మీద ఉచితంగానే కనబడుతుంది.