పోషకాల పాఠం పళ్లెంలనే చెప్పాలె

మన సర్కారు బడులల్ల పోషకాహారం పాఠం లేదా అంటే ఉన్నది. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, విటమిన్లు అని పిల్లలు గడగడ చదువుతరు, పరీక్షల రాస్తరు. గంట కొట్టంగనే గేటు కాడికి ఉరికి అయిదు రూపాయల మసాలా ప్యాకెట్ కొంటరు. పాఠం ఓ దిక్కు, తిండి ఓ దిక్కు. నా లెక్కన అసలు లోపం గీడనే ఉన్నది.

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లలల్ల నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లల్ల నూటికి 57 మందికి పైగా ఉన్నది. రక్తం తక్కువైన పిల్లకు నీరసం వస్తది, చదువు మీద మనసు నిలవది. మనమేమో బద్ధకం అని తిడుతం.

అందుకే పాఠం మధ్యాహ్నం బువ్వ కాడ మొదలుపెట్టాలె. అన్నంల తక్కువున్న పోషకం పప్పుల ఉంటది, పప్పుల తక్కువున్నది అన్నంల ఉంటది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తది. ఆకుకూరల, పప్పుల ఉండే ఇనుము ఒంటికి తొందరగ పట్టది. ఇంత నిమ్మకాయ పిండుకున్నా, ఓ జామకాయ తిన్నా మంచిగ పడుతది. తిన్న ఎంటనే చాయ్ తాగితే మాత్రం పట్టుడు తగ్గుతది. గీ ముచ్చట పళ్లెం ముందట చెప్తే పిల్లలు జిందగీల మర్వరు.

ఇంట్ల తిండికి కూడా బడి విలువ ఇయ్యాలె. జొన్న రొట్టె, రాగి అంబలి అంటే కొందరు పిల్లలకు నామోషీ అయితున్నది. బియ్యం కంటే రాగులల్ల కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువని సారు చెప్తే ఆ నామోషీ పోతది.

ఇగ లెక్కల క్లాసుకు వద్దాం. ప్రభుత్వ నిబంధన ప్రకారం ప్రాథమిక బడిల ఒక్కో పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75. అంటే 50 మంది తినే ప్రాథమిక బడిల కిలో పప్పు, రెండున్నర కిలోల కూరగాయలు పడాలె. గీ లెక్క వచ్చిన పిల్లలు నీళ్ల పప్పు చూస్తే ఊకోరు, అడుగుతరు. కని వంట అక్కల మీద పడొద్దు. బిల్లు లేటయితే అప్పు తెచ్చి వండేది వాళ్లే. అడగాల్సింది పైసలు ఆపినోళ్లను.

గేటు బయటకు కూడా ఒక రూల్ ఉన్నది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపల అమ్మొద్దని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2020లనే చెప్పింది. చిన్న దుకాణపాయన పొట్ట కొట్టుమని నేనంటలేను. ప్యాకెట్ల జాగల ఉడకబెట్టిన గుడాలు, పల్లిపట్టీలు, జామకాయలు పెట్టుమందాం. ప్యాకెట్ ఎనక రాసి ఉండే ఉప్పు, చక్కెర లెక్క చదువుడు పిల్లలకు నేర్పిద్దాం.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీరు చదివిన బడే కదా అది. ఈసారి బడి కమిటీ మీటింగ్ పెట్టినప్పుడు పోయి రెండే అడుగుండ్రి: ఇయ్యాల ఎంతమంది తిన్నరు, పప్పు ఎన్ని కిలోలు పడ్డది?